దగ్ధగ్రంథాలయోక్తి: అమదూ హంపాతే బా జీవితసాధన

ఒక వాక్యము లోకప్రసిద్ధి నొందినకొలది దాని యర్థము సన్నగిల్లుట సాహిత్యచరిత్రలో తఱచుగ జరుగు విషయము. ఆఫ్రికాలో ఒక వృద్ధుడు మరణించెనేని ఒక గ్రంథాలయము కాలిపోయినట్లే యను మాట అట్టివానిలో నొకటి. జానపద విజ్ఞాన సదస్సుల ప్రారంభోపన్యాసములందును, సిద్ధాంతవ్యాసముల పీఠికలందును, ధనసహాయము కోరు అభ్యర్థనపత్రములందును ఈ మాట పదేపదే కనబడుచుండును. కొందఱు దీనిని ఆఫ్రికా సామెత యందురు. కొందఱు వక్త పేరు చెప్పుదురు గాని ఆయన ఎవరో, ఏ సందర్భమున, ఎవరి నుద్దేశించి పలికెనో చెప్పరు. ఈ మాటకు మూలపురుషుడు పశ్చిమాఫ్రికాలోని మాలీ దేశమునకు చెందిన అమదూ హంపాతే బా. ఆయన కార్యాలయపు గుమాస్తాగ జీవితము నారంభించి, పరిశోధకుడై, రాయబారియై, యునెస్కో కార్యనిర్వాహక మండలి సభ్యుడై, తన మాతృభాషయైన ఫుల్‌ఫుల్డేలో కవిగను ఫ్రెంచి భాషలో గద్యరచయితగను పేరొందినవాడు. ఈ జీవితమును ఆద్యంతము పరిశీలించినచో, పై వాక్యమున కిప్పుడు వ్యాప్తిలోనున్న అర్థమునకును ఆయన సాధనకును చాల యంతర మున్నట్లు తేలును. వాక్యమును మాత్రమే గ్రహించి సాధనను విడిచిన భారతీయ భాషాశాఖలు లాభములో సగమైనను పొందలేదని చెప్పవలసియున్నది.

మొదట వాక్యమునే పరిశీలింపవలెను. 1960వ సంవత్సరాంతమున పారిస్ నగరములో జరిగిన యునెస్కో సర్వసభ్య సమావేశమునకు ఆయన మాలీ ప్రతినిధివర్గములో నొకడుగ వచ్చెను. మాలీ స్వతంత్రమై అప్పటికి మూడు నెలలైనను నిండలేదు. ఆ సంవత్సరపు మార్చి నెలలోనే ఆ సంస్థ నైలునదీ తీరమందలి నూబియా దేవాలయములను జలసమాధి నుండి కాపాడుటకై ప్రపంచమునకు విజ్ఞప్తి చేసియుండెను. శిలలకు లభించిన యా శ్రద్ధ వాక్కునకు గూడ లభింపవలెనని నూతనరాజ్య ప్రతినిధి కోరుటలో వింత లేదు. ఐనచో ఆయన యానాడు చెప్పినది యేమి? సంప్రదాయవేత్తలలో ఒక్కొక్కరి మరణమును తాను ఇంకను వినియోగమునకు రాని యొక సంస్కృతీనిధి దగ్ధమగుటగ భావింతునని ఆయన చెప్పెను. ఇందు రెండు విశేషణములు కలవు. మొదటిది, ఆయన చెప్పినది వయస్సు మీఱిన ప్రతి మనుష్యుని గూర్చి కాదు, సంప్రదాయవిద్యను నియమపూర్వకముగ నభ్యసించినవారిని గూర్చి. రెండవది, ఆ నిధి వినియోగమునకు రానిది. మొదటి విశేషణము జాఱిపోవుటచే వాక్యము వృద్ధులపై సానుభూతిగ మాఱినది. రెండవది జాఱిపోవుటచే అందలి యారోపణ అదృశ్యమైనది. గ్రంథములు కాలుట కంటె అవి కాలునందాక ఎవ్వరును చదువకపోవుట ఆయన దృష్టిలో పెద్ద దోషము. ఆ దోషము మృత్యువుది కాదు, జీవించియున్నవారిది.

ఈ దృష్టి ఆయనకు పుట్టుకతోనే సంక్రమించినదని చెప్పవచ్చును. ఆయన 1900 ప్రాంతమున బాండియాగరా పట్టణములో జన్మించెను. నైజర్ నది మధ్యభాగమందలి మాసినా ప్రాంతములో 1818లో షేకూ అమదూ స్థాపించిన ఫులానీ రాజ్యమును 1862లో ఎల్ హాజ్ ఉమర్ నాయకత్వమున టుకులోర్ సేనలు జయించెను. తరువాత ఆ విజేతలకు బాండియాగరా రాజధాని యయ్యెను. అమదూ పితృవంశము ఓడిన మాసినా ఫులానీలది. మాతామహుడు ఎల్ హాజ్ ఉమరును గురువుగ నెంచి అనుసరించినవాడు. తండ్రి చిన్ననాడే గతించుటచే తల్లి ఖదీజా రెండవ భర్తయైన తిజానీ థియామ్ అను టుకులోర్ నాయకుని యింట బాలుడు పెరిగెను. జేతల కథయు, జితుల కథయు ఒకే యింటి ముంగిట వినిన బాలునకు చరిత్ర యొక్క పక్షపాతము పుస్తకముల వలన తెలిసికొనవలసిన యవసరము కలుగలేదు. ఆ యింట కథలు చెప్పు కూలేల్ అను గొప్ప కథకుని మాటలను మఱల మఱల అప్పగించుటచే బాలునకు 'చిన్న కూలేల్' అను నర్థముగల అంకూలేల్ అను ముద్దుపేరు నిలిచినది. ధర్మవిద్యను గఱపినవాడు తియెర్నో బొకార్ అను సూఫీ గురువు. ఫ్రెంచి ప్రభుత్వము స్థానిక నాయకుల బిడ్డలను బలవంతముగ తన పాఠశాలలకు తరలించుచుండిన దినములవి. ఈ బాలుడు నట్లే చేర్పబడెను. ఖురాను పాఠశాల, కథకుని కూటము, పరప్రభుత్వ పాఠశాల, ఈ మూడును ఆయన విద్యకు మూడు కాళ్లైనవి.

1921లో గోరే ద్వీపమందలి ఉపాధ్యాయ శిక్షణాలయమున చేరుమన్న యుత్తరువును తల్లి యిష్టము లేకుండుటచే ఆయన నిరాకరించెను. అందులకు శిక్షగ ఆయనను దూరమందలి ఊగదూగూ నగరమున కతితక్కువ హోదాగల లేఖకుడుగ నియమించిరి. ఆ యుద్యోగమునకు ప్రభుత్వమిచ్చిన బిరుదునామమే తాత్కాలికము, అస్థిరము, ఎప్పుడైనను రద్దుచేయదగినది అని ఘోషించునట్టిది. 1932 వఱకు అప్పర్ వోల్టాలోని వివిధ స్థలములందును, పిమ్మట 1942 వఱకు బమాకోలోను ఆయన గుమాస్తాగ పనిచేసెను. బదిలీలపై తిరిగిన ప్రతి యూరను ఆయన తెలిసినవారి నాశ్రయించి కథలు, వంశావళులు, వృత్తిసంబంధమైన ఆచారములు విని వ్రాసికొనెను. 1933లో ఆఱు మాసములు సెలవు తీసికొని గురువగు తియెర్నో బొకార్ సన్నిధిని గడపెను. పగలు కాగితములను నకలుచేయు గుమాస్తా రాత్రి వాక్కును లిపిబద్ధము చేయువాడయ్యెను. అధికారి చెప్పినదానిని తప్పులేక వ్రాయుట కలవాటుపడిన చేయి జ్ఞాని చెప్పినదానిని గూడ నట్లే వ్రాసినది. పరపాలనము తన కార్యముల కొఱకు తీర్చిన పనిముట్టు ఈ విధముగ మఱియొక పనికి వినియోగపడినది.

1942లో థియొడోర్ మొనో అను శాస్త్రజ్ఞుడు ఆయనను డకార్ నగరమందలి ఫ్రెంచి ఆఫ్రికా పరిశోధనాలయమునకు రప్పించెను. పాలకుల అనుమానమునకు గుఱియైన యొక సూఫీ శాఖతో సంబంధముండుటచే బమాకోలో ఆయన స్థితి ప్రమాదకరముగ నుండెను. అందుచేత ఈ నియామకము రక్షణయు నయ్యెను. ఇచట ఆయన చేసిన మహాకార్యము మాసినా రాజ్యచరిత్ర. జాక్ దజే సహకారముతో అది 1955లో వెలువడెను. ఈ గ్రంథమునకై పదునైదు సంవత్సరములు శ్రమించి కనీసము వేయిమంది చెప్పిన కథనములను పూర్తిగ వ్రాసికొంటినని ఆయన తరువాతి వ్యాసమున తెలిపియున్నాడు. వానిని పోల్చి చూచినప్పుడు కథాసూత్రము ఎల్లెడల నొకటిగనే యున్నదనియు, భేదములు జ్ఞాపకశక్తి వలనను, శైలి వలనను, తన జాతివారి పరాజయములను కొంచెము తగ్గించి చెప్పు నిచ్ఛ వలనను కలిగినవే గాని మూలఘటనలను మార్చినవి కావనియు ఆయన నిర్ణయించెను. ఇచట గమనింపదగిన యంశము ఫలితము కాదు, పద్ధతి. వేయిమందిని విని, ఒక్కరినైనను మధ్యలో ఆపక, చెప్పినది యంతయు వ్రాసికొని, పిదప పోల్చుట. అనేక ప్రతులను సేకరించి పాఠభేదములను పరిష్కరించు భారతీయ పండితుల పనికిని దీనికిని స్వభావములో భేదము లేదు. ఒకచోట తాళపత్రము, వేఱొకచోట మానవకంఠము; అంతియే.

కంఠము ప్రతి యగుటకు ఒక నియమ ముండవలెను గదా యను శంకకు సమాధానము, యునెస్కో ప్రకటించిన ఆఫ్రికా సామాన్య చరిత్ర ప్రథమసంపుటమున ఆయన వ్రాసిన 'సజీవ సంప్రదాయము' అను ప్రకరణమున కలదు. ఆ సంపుటము ఫ్రెంచిలో 1980లోను, ఇంగ్లీషులో 1981లోను వెలువడినది. బంబారా భాషలో సంప్రదాయవేత్తకు సోమా యను పేరు కలదు. వైదిక సోమశబ్దముతో దీనికి సంబంధము లేదు. దీని యర్థము 'తెలిసినవాడు' అని. వానికి అసత్యము నిషిద్ధము. తప్పు పలికినచో విద్యయే నశించునని విశ్వాసము. చెప్పుటకు ముందు తన నాలుక తొట్రుపడకుండుటకై పూర్వుల ఆత్మలను స్మరించును. తాను ఎవరివలన వినెనో, ఆ గురువు ఎవరివలన వినెనో చెప్పును. గ్రియో యను గాయకుడు వేఱు. వాద్యగాండ్రు, వంశావళీగాయకులు, రాజుల నడుమ సంధానము చేయు దౌత్యగాయకులు అని గ్రియోలు మూడు తెగలవారు. శ్రోతలను రంజింపవలెను గావున వానికి అలంకారమునకును అతిశయోక్తికిని అనుమతి కలదు; 'రెండు నాలుకలు' గలవాడని లోకము వానిని నవ్వుచు క్షమించును. గ్రియోయే సోమా కావచ్చును గాని గ్రియోలందఱును సోమాలు కారు.

ఈ విభాగము పాశ్చాత్య పరిశోధకులకు చాలకాలము తెలియలేదు. వినోదార్థము పాడువానిని చరిత్రార్థము ప్రశ్నించి, వాడు చెప్పినది పొసగకపోవుట చూచి, మౌఖికసంప్రదాయమే నమ్మదగినది కాదని నిర్ణయించినవారు కలరు. ఇది కావ్యమును శాసనముగ జదివి, రాజు పేరు తప్పినదని కవిని నిందించుట వంటిది. భారతదేశమున వైదిక సంప్రదాయము పదక్రమఘనపాఠములచే అక్షరమును గాపాడినది. పురాణకథకుడు అక్షరమును విడిచి కథను గాపాడినాడు. ఇస్లాము ధర్మమున హదీసు చెప్పువాడు శ్రోతృపరంపరను ముందు వినిపించును. బాండియాగరా శిష్యుడు ఈ కడపటి పద్ధతిని ఖురాను పాఠశాలలో నేర్చి, ఫులానీ, బంబారా సంప్రదాయములందు గూడ అట్టి పరంపరాకథనమే యుండుట గుర్తించెను. ఆయన సిద్ధాంతమునకు బలము రెండు విద్యల ఈ కలయిక వలన వచ్చినది.

ప్రచురించిన పాఠములందును ఈ నియమమును ఆయన పాటించెను. ఫులానీ పశుపాలకుల దీక్షాకథయైన 'కూమెన్' 1961లో జెర్మేన్ దియెతెర్లెన్ సహకర్తృత్వమున వెలువడినది. దానిని తనకు బోధించిన సెనెగల్ దేశపు పశుపాలక గురువు అర్దో దెంబో పేరు ఆ గ్రంథముతో నిలిచినది. 1969లో లిలియన్ కెస్తెలూత్ సహకారముతో వచ్చిన 'కైదరా' ద్విభాషాగ్రంథము. ఫుల్‌ఫుల్డే మూలమునకు ఎదురుగ ఫ్రెంచి యనువాదము ముద్రితమైనది. ఆ కథలో ముగ్గురు బాటసారులు పాతాళమందలి మరుగుజ్జుల దేశమునకు పోయి, సువర్ణమునకును జ్ఞానమునకును అధిపతియైన కైదరాను దర్శించి, బంగారముతో తిరిగివత్తురు. ఒకడు ధనమును, ఒకడు అధికారమును కోరి నశింతురు. మూడవవాడైన హమ్మాది మార్గమధ్యమున చింపిరిగుడ్డల వృద్ధునకు తన బంగారము నిచ్చి మూడు హితవాక్యములు కొనుక్కొనును. ఆ వాక్యములే వాని ప్రాణమును, సంసారమును, పిదప రాజ్యమును కాపాడును. వృద్ధుని మాటకు బంగారముకంటె నధికమైన వెల కట్టిన యీ కథను ప్రచురించినవాడే దగ్ధగ్రంథాలయోక్తి పలికినవాడు. కాని కథలో మాటలు వినుటతో పని ముగియలేదు. హమ్మాది వానిని ఆపత్సమయమున స్మరించి, ఆచరించినందుననే అవి ఫలించినవి.

ఇచట ఆయన దౌత్యజీవితమును స్మరింపవలెను. జీవితచరిత్రకారులు రాయబారియగుటను ఒక పదవిగ పేర్కొని దాటిపోవుదురు. కాని భాషాశాస్త్ర విద్యార్థికి అదియే ముఖ్యము. స్వాతంత్ర్యమునకు పిదప బమాకోలో మానవశాస్త్ర పరిశోధనాసంస్థను నెలకొల్పుటలో ఆయన ప్రముఖుడు. 1960 దశకములో ఐవరీ కోస్టు రాజ్యమున మాలీ రాయబారిగ పనిచేసెను. 1962 మొదలు 1970 వఱకు యునెస్కో కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు. ఈ కాలముననే, 1966లో, ఆ సంస్థ యాధ్వర్యమున బమాకోలో భాషావేత్తల సమావేశము జరిగి పశ్చిమాఫ్రికా భాషలకు ఏకరూప లిపిసంకేతములను సూచించెను. మాందే, ఫుల్‌ఫుల్డే, హౌసా, సొంఘై-జర్మా, కనూరి, తమషేక్ భాషలు దాని పరిధిలోనివి. ఫుల్‌ఫుల్డే సెనెగల్ మొదలు సూడాన్ వఱకు అనేక రాజ్యములందు వ్యాపించిన భాష. నామములను ఇరువదికి పైబడిన వర్గములుగ విభజించు వ్యాకరణము గలది. ముద్రణాలయములలో లేని ధ్వనులు గలది. అరబ్బీ లిపిలో దానిని వ్రాయు పూర్వాచారము కలదు. ఫ్రెంచివారు ఒక విధముగను, ఇంగ్లీషువారు మఱియొక విధముగను రోమను లిపిలో వ్రాయుచుండిరి. సరిహద్దు దాటగనే ఒకే పదము వేఱొక రూపము తాల్చిన, సేకరించిన పాఠము పొరుగుదేశపు ఫులానీ బాలునకు చదువరాదు. ఈ చిక్కును కవి యొక్కడు తీర్చలేడు, పండితుడు నొక్కడు తీర్చలేడు, రాజ్యములు సమ్మతింపవలెను. రాజ్యములను సమ్మతింపజేయు కూటములలో కూర్చుండుటకు కవిపండితుడైన రాయబారి కావలసివచ్చెను. దౌత్యగాయకుడైన గ్రియో పూర్వము రాజుల నడుమ చేసిన పనిని ఆయన రాజ్యసంఘముల నడుమ చేసెనని చెప్పినచో అతిశయోక్తి కాదు.

1973లో వెలువడిన 'వాంగ్రిన్ విచిత్ర జీవితము' అను గ్రంథము ఈ చర్చకు మఱియొక కోణము నిచ్చును. ఇది పరపాలనకాలమందలి యొక దుబాసీ కథ. పాలకునకును పాలితునకును నడుమ నిలిచి, మాటను అటునిటు త్రిప్పి, ధనవంతులను దోచి, దరిద్రులకు పంచి, కడకు తానే పతనమొందిన చతురుని చరిత్ర. దీనికి 1974లో నల్ల ఆఫ్రికా సాహిత్య మహాపురస్కారము లభించెను. విమర్శకులు దీనిని నవలగ శ్లాఘించిరి. గ్రంథకర్త మాత్రము అంగీకరింపక, వాంగ్రిన్ నిజముగ జీవించిన మనుష్యుడనియు, తన కథను వ్రాయుమని తానే కోరెననియు, అతడును అతని గ్రియోయు చెప్పినదానిని తాను కూర్చితిననియు పిదప చేర్చిన వెనుకమాటలో స్పష్టపఱచెను. సంభాషణలు, సన్నివేశములు ఇంత నేర్పుతో నమరిన రచనలో కల్పన లేదనుట కష్టమని విమర్శకులు వాదింతురు. ఆ వాదములో కొంత న్యాయము కలదు. అయినను ఒక ప్రశ్న వేయవలసియున్నది. వ్రాతపత్రమును ఆధారముగ జూపు చరిత్రకారుని మాటను నమ్మి, మనుష్యుని నోటిని ఆధారముగ జూపువాని మాటను కల్పనయని మెచ్చుకొనుట యేమి న్యాయము? నవల యను బిరుదు ఇచట గౌరవముగ కనబడినను, మౌఖికసాక్ష్యమును సాక్ష్యముగ నంగీకరింప నిరాకరించుటయే దానిలోని సారము. గ్రంథకర్త ఆ బిరుదును త్రోసివేయుట వినయము కాదు. తన పద్ధతిని గాపాడుకొనుట.

ఈ జీవితసాధనపై ఆక్షేపణలు లేకపోలేదు. ఆయన పరపాలకుల పరిశోధనాలయమున పెరిగినవాడనియు, ప్రధానగ్రంథములు ఫ్రెంచి సహకర్తలతో గూడి వెలువడినవనియు మొదటి యాక్షేపణ. ఇది నిజమే, కాని 1942లో బమాకో గుమాస్తాకు వేఱొక ద్వారము తెఱచియుండలేదు. 1957లో మార్సెల్ కార్దేర్ అను పాలనాధికారితో కలసి వ్రాసిన తియెర్నో బొకార్ చరిత్రను 1980లో ఆయన స్వయముగ తిరుగవ్రాసి తన పేర ప్రకటించుట ఈ యాక్షేపణకు ఆయనయే యిచ్చిన సమాధానము. సోమాల సత్యసంధతను ఆయన ఆదర్శీకరించెననుట రెండవది. వేయి కథనములును ఒకే సూత్రమును జూపుటకు అవి సత్యములగుట యొక్కటే కారణము కానక్కఱలేదు. ప్రసిద్ధమైన యొక కథనము మిగిలినవానిని తనవైపు లాగుకొనుటయు కారణము కావచ్చును. ఈ యాక్షేపణ బలమైనది. దీనిని పరీక్షించుటకు చెప్పినవారి పేర్లును, గురుపరంపరయు, దేశకాలములును కావలెను. ఆయన పద్ధతిని ఆక్షేపించుటకు సైతము ఆయన పద్ధతియే సాధనమగుచున్నది. పేర్లు లేని సంకలనమును ఖండించుటకును వీలులేదు, సమర్థించుటకును వీలులేదు.

మూడవ యంశము ఆక్షేపణ కాదు, విషాదము. ఆయన ఫుల్‌ఫుల్డే భాషలో విస్తారముగ కవిత్వము, విశేషించి భక్తికవిత్వము, రచించెను. లోకమున కాయనను పరిచయము చేసినవి మాత్రము ఫ్రెంచి గద్యగ్రంథములు. 1991 మే నెలలో అబిజాన్ నగరమున ఆయన మరణించిన పిమ్మట ఆ సంవత్సరమే బాల్యస్మృతులైన 'అంకూలేల్' వెలువడి కీర్తినొందెను. 1994లో రెండవ సంపుటము వచ్చెను. మాతృభాషాకవిత్వము నిపుణుల చేతులలోనే చాలవఱకు నిలిచిపోయెను. వినియోగమునకు రాని నిధిని గూర్చి ప్రపంచము నెచ్చరించినవాని నిధియే అట్లు మిగులుట, ఎచ్చరిక యింకను తీఱలేదని నిరూపించుచున్నది.

భారతీయ భాషాశాఖలకు ఇందలి పాఠమేమి? ఉపమానము నుదాహరించి ఊరకుండుట కాదు. ఉపమానమునందే యొక లోపము కలదు. గ్రంథాలయము నిశ్చలమైన కొట్టు. తాళము తీసినచో ఎవరైనను పుస్తకమును గైకొనవచ్చును. సంప్రదాయవేత్త కొట్టు కాదు, గొలుసులోని యొక కడియము. ఆయన వెనుక గురువు, ముందు శిష్యుడు ఉందురు. అగ్ని పుస్తకములను కాల్చును. గొలుసు తెగుటకు అగ్నితో పనిలేదు, శిష్యుడు లేకుండుటయే చాలును. ఉపమానమును నమ్మిన పరిశోధకుడు పుస్తకమునకు నకలు తీసితిననుకొని తృప్తుడగును. ఇప్పుడు ప్రతి పరిశోధకవిద్యార్థి చేతి ఫోనులోను ధ్వనిముద్రణ యంత్రము కలదు. సేకరణకు కొఱత లేదు. కాని పట్టము లభించిన మఱునాడు ఆ ధ్వనిముద్రణల గతి యేమగుచున్నది? పాడినవాని పేరు పట్టికలో నొక సంఖ్యగ మాఱి, గురువు పేరు అడుగబడక, మాండలికము శిష్టభాషగ దిద్దబడి, నాలుగు కథనములు కలసి ఎవ్వరును ఎన్నడును పాడని యొక్క కథగ ముద్రితమగుచున్న సందర్భములు అనేకము. ఇట్టి గ్రంథాలయము కాలనవసరము లేదు, కట్టుటయందే భస్మమైనది.

తెలుగుదేశమున ఈ విషయమై మంచి యుదాహరణములు లేకపోలేదు. బిరుదురాజు రామరాజుగారు జానపదగేయములను ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పరిశోధనకు తగిన విషయముగ నిలిపిరి. పల్నాటి వీరకథను జీన్ రోఘైర్ 1982లో ఇంగ్లీషున ప్రకటించినపుడు, దానిని పాడిన అలిసెట్టి గాలెయ్య పేరు గ్రంథమున కాధారముగ నిలిచినది. ఆ కథను పాడువారికి వీరవిద్యావంతులని పేరు. మాలీలోని 'తెలిసినవాడు' అను పేరును, పల్నాటిలోని 'విద్యావంతుడు' అను పేరును పక్కపక్కన నుంచి చూచిన, రెండు సమాజములును గాయకుని వినోదకారునిగ గాక విద్వాంసునిగ గుర్తించినవని స్పష్టమగును. విశ్వవిద్యాలయములు మాత్రము అతనిని 'వక్త' యనియు 'సమాచారదాత' యనియు పిలుచుచున్నవి. ప్రజలు విద్వాంసుడన్నవానిని విద్యాలయము సమాచారదాత యనుటకంటె విపరీతమేమి కలదు?

కావున మూడు నియమములు అవశ్యము పాటింపదగియున్నవి. చెప్పినవాని పేరును, అతడెవరివలన నేర్చెనో యా పరంపరను, దేశకాలములతో గూడ సిద్ధాంతవ్యాసమున గ్రంథకర్తృనామమునకు సమమైన గౌరవముతో ముద్రింపవలెను. మూలపాఠమును పలికిన భాషలోనే, కథనముల నొకదానితో నొకటి కలపక, అనువాదమున కెదురుగ నిలుపవలెను. మూడవది కఠినమైనది: ఆ విద్యను నేర్చుకొనగోరు శిష్యునకు విశ్వవిద్యాలయము వేతనమీయవలెను, నేర్పు గురువునకు ఆచార్యస్థానమీయవలెను. మొదటి రెండును గ్రంథాలయమును నిలుపును. మూడవది గొలుసును నిలుపును. మొదటివానికి శ్రద్ధ చాలును. కడపటిదానికి నిబంధనలు మార్పవలెను, ధనము కావలెను, పట్టములు లేనివానిని పీఠమున కూర్చుండబెట్టు ధైర్యము కావలెను. హంపాతే బా ఇట్టి మార్పులు రాజ్యములచే చేయించుటకే రాయబారియై సభలలో కూర్చుండెను.

ఆయన వాక్యము నుదాహరించుట నిషేధింప నక్కఱలేదు. ఉదాహరించువారు దానిలోని రెండు విశేషణములను గూడ తిరిగి చేర్చినచో చాలును. మరణించినది ఎవరో వృద్ధుడు కాదు, విద్వాంసుడు. కాలినది ఏదో గ్రంథాలయము కాదు, తలుపు తట్టువారు లేక మూసియుండిన గ్రంథాలయము. అట్లు చెప్పినపుడు ఆ మాట విలాపముగ నుండదు. వినుచున్న ప్రతి విద్యాశాఖను పేరుపెట్టి పిలిచి యడుగు ప్రశ్నగ నుండును.